మూడో నంబరు మంచం

ప్లోవ్‌దివ్ జైలు,
మార్చి 3

నా రదోస్తీనాకి,

నిన్న స్నానాల దగ్గర ఇద్దరు నన్ను పట్టుకుని గోడకేసి బాదారు. కింది పన్ను ఒకటి ఊడింది. నేనూ ఊరుకోలేదు, ఒకడి వేలు వెనక్కి విరిచాను. నువ్వు దిగులు పడకు, ఇంటికొచ్చాక మెత్తటివి వండిపెడుదువుగాని.

ఏప్రిల్ పదహారున విచారణ. వకీలు నేర్పినట్టే చెప్పు. యవోర్ తాగుబోతు, తాగితే మనిషి కాదు, అంతకుముందు నీ ఎదుటే రెండుసార్లు నా మీదికి వచ్చాడు. ఆ రోజు సంగతి నీకు తెలిసిందే. నువ్వు బజారులో ఉన్నావు. పట్టపగలు, మన హాస్టల్లో వాడు తప్ప మిగతా అద్దెవాళ్లెవరూ లేరు. దుప్పట్లు మారుద్దామని గదిలోకి వెళ్తే కత్తి దూసి నా మీద పడ్డాడు. నా అరచెయ్యి తెగింది. నిలబడే పెనుగులాడాం, వాడి మణికట్టు మెలిపెట్టి కత్తి లాక్కున్నాను. ఒక్కటే పోటు. వాడు నేల మీద కూలాడు. నీ మాట మీదే నా బతుకు ఆధారపడి ఉంది రదా.

ఇంకో సంగతి. ఈస్టర్ ముందు పరుపులన్నీ తిరగేసే పని ఈ ఏడు పెట్టుకోకు. నీ నడుం నొప్పి నాకు తెలుసు. నేనొచ్చాక చేస్తాను.

నీ బోయన్


ప్లోవ్‌దివ్,
మార్చి 19

ప్రియమైన బోయన్,

పన్నుతో పాటు నీ నోటిదురుసు కూడా కాస్త ఊడితే బాగుండేది.

యవోర్ పోయిన ఆర్నెల్లకు అతని ఫోటోతో సంతాప పత్రం అచ్చేయించి మన తలుపుకు అంటిస్తే నన్ను తిట్టావు. నలభయ్యో రోజుకీ, ఆర్నెల్లకీ, ఏడాదికీ అందరూ అంటించేదే. నాలుగు నెలలు మన కప్పు కింద పడుకున్నవాడికి ఆమాత్రం చెయ్యకపోతే వీధిలోవాళ్లు నా మొహాన ఉమ్మేస్తారు. పోయిన సోమవారం బస్టాండు నుంచి నడిచి వెళ్తున్న ఒకడు మన తలుపు మీద సొంత తమ్ముడి మొహం చూసి ఆగిపోయాడు. పేరు అసేన్. దానూబ్ మీద సరుకు పడవల్లో పని, చేతులు తెడ్లలా ఉంటాయి. తమ్ముడి చావు కబురు అప్పటిదాకా చేరనేలేదట. తమ్ముడు పడుకున్న మంచమే కావాలన్నాడు. మూడో నంబరు ఇచ్చాను.

ఐదో రోజు వంటింట్లోకి వచ్చి అడిగాడు.

"మీ ఆయన పొడిచేంత పని మావాడేం చేశాడమ్మా?"

వకీలు నేర్పిన పాఠం నోట్లోంచి దానంతటదే వచ్చింది. "తాగి కత్తి దూశాడు," అన్నాను.

నా గొంతు పట్టుకుని తల అలమరకేసి కొట్టాడు. పళ్లేలన్నీ మా మీద పడి పగిలాయి. "ఎవడు, మా యవోరా? మా నాన్న తాగొచ్చి మా అమ్మను కొట్టి చంపిన రోజు నుంచి వాడు చుక్క ముట్టలేదే. ఏదీ, ఇంకోసారి అను," అని నొక్కుతూనే ఉన్నాడు. కళ్లకు చీకట్లు కమ్మాయి. చేతికి ఇనప పెనం తగిలింది. దాంతో మొహాన కొట్టాను. దవడ విరిగిన చప్పుడు విన్నాను. అతను పడ్డాక కూడా ఇంకో దెబ్బ వేశాను, బోయన్. నాలో అంత ఉందని నాకే తెలియదు.

తర్వాత ఇద్దరం పెంకుల మధ్య కూర్చుని ఒకే తువ్వాలుతో నెత్తురు తుడుచుకున్నాం. పోలీసులను పిలుచుకోమని సైగ చేశాడు. పిలవలేదు. యవోర్ తాగడని నాకూ తెలుసు కదా. రాత్రంతా రొట్టెల బట్టీలో పనిచేసి, పొద్దున వచ్చి, గ్లాసుడు పాలు తాగి పడుకునేవాడు. కోర్టులో నిలబడి ఆ అబద్ధం ఎలా చెప్పను?

మెడ మీద వేళ్ల ముద్రలతో,
రదా


ప్లోవ్‌దివ్ జైలు,
మార్చి 27

రదా,

ఆ పత్రం ఇవాళే చించెయ్. వాణ్ణి బయటికి గెంటు. ఊళ్లో ఇన్ని మంచాలుండగా ఆ మంచమే ఎందుకిచ్చావు?

పాలు తాగి పడుకునేవాడా? ఎవరు పోసిచ్చేవాళ్లు ఆ పాలు? నాకు కళ్లు లేవనుకున్నావా? కోర్టులో మాట తప్పావో, బయటికొచ్చిన రోజునే నీ మెడ పట్టుకుంటాను. వాడిలా మధ్యలో వదలను.

కోపంలో అనేశాను, మనసులో పెట్టుకోకు. పరుపులు మాత్రం ముట్టుకోకు. నీ నడుం జాగ్రత్త.

బోయన్


ప్లోవ్‌దివ్,
ఏప్రిల్ 12

బోయన్‌కి,

ఈ ఉత్తరం జైలువాళ్లు చదివే నీకిస్తారు. చదవనీ.

పన్నెండేళ్ల కాపురంలో నా నడుం నీకు గుర్తుకు రావడం ఇదే మొదలు. అదీ రెండుసార్లు. మొదటిసారి మురిసిపోయాను. రెండోసారి చదివి లేచి మూడో నంబరు దగ్గరికి వెళ్లాను.

దవడకు కట్టుతోనే అసేన్ పరుపు ఒక కొస పట్టాడు, నేనొక కొస. తిరగేశాం. దిండు వైపు రెండు కత్తి చీలికలు, పీచు బయటికొచ్చి ఉంది. నడిమధ్య పళ్లెమంత నల్లటి మరక, అట్టలా గట్టిపడింది. నిలబడి పెనుగులాడినవాడి నెత్తురు పరుపులోకి అంత లోతుకు ఎలా దిగుతుంది? నిద్రపోతున్నవాడి మీద నీ మొదటి రెండు పోట్లు గురి తప్పాయి. చెయ్యి పిడి మీద నుంచి అంచు మీదికి జారి నీ అరచెయ్యే తెగింది. మూడోది తప్పలేదు. అతన్ని నేల మీదికి ఈడ్చి, పరుపు తిరగేసి, ఉతికిన దుప్పటి పరిచావు. మూలలు కూడా నేను నేర్పినట్టే మడిచావు. పోలీసులు నేల చూశారు, నీ చెయ్యి చూశారు, పరుపు ఎత్తి చూడలేదు. ఏడాదిగా నేను దాని మీద మనుషులను పడుకోబెట్టాను.

అసేన్ మంచం కమ్మీని పిడికిలితో గుద్దుతూనే ఉన్నాడు, వేళ్లు పగిలి ఎముక కనపడేదాకా. నేను ఆపలేదు. నువ్వు ఎదురుగా ఉంటే అప్పుడూ ఆపేదాన్ని కాదు.

పాలు నేనే పోసిచ్చేదాన్ని. అంతకుమించి ఏమీ లేదు. ఉంటే మాత్రం, నిద్రలో ఉన్నవాణ్ణి పొడుస్తారా? నువ్వంటే నాకు అసహ్యం వేస్తోంది. ఏడుపూ వస్తోంది, అది నీకోసం కాదు.

పదహారున నేను కోర్టుకు వస్తాను. పరుపు అసేన్ మాట్లాడిన అద్దె వ్యానులో వస్తుంది.

యవోర్ పోయి ఏడాది కావస్తోంది, కొత్త పత్రం అచ్చేయించి తలుపుకు అంటించాను. పోయినసారి "హఠాత్తుగా మరణించిన" అని ఉన్నచోట ఈసారి "నిద్రలో హత్యకు గురైన" అని ఉంది. కింద ఎవరి పేరు వెయ్యాలని కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు అచ్చాఫీసువాడు. చెప్పాక లేచి నిలబడ్డాడు. ఆ పేరునే ఈ ఉత్తరం కిందా రాస్తున్నాను.

పొడిచినవాడి భార్య,
రదోస్తీన