తొమ్మిది, పదహారు, ఒకే గుర్తు కింద

ఎస్తేరక్కకు నమస్కారం.

నువ్వు పోయి పదకొండు నెలలైంది. ఈ పొద్దు తెల్లారే చినుకులు పడినాయి. మిద్దె మీద ఆరబోసిన శనగలు కిందికి మోసేసరికి తొమ్మిదయింది. నడుము పట్టేసింది. అయినా ఇంకో రోజు ఆగితే రాయనేమోనని కూర్చున్నాను...

నీకు తెలిసిందే ముందు రాస్తాను. జమ్మలమడుగు దగ్గర మన హైస్కూల్లో నేను చేరిన ఏడాది. మా పార్టీ నాయకుడి మాటతో వచ్చిన ఉద్యోగం. బీయస్సీ చదివినా కరణుల పాఠం, అదే వర్గమూలాల లెక్కలు, నాకు సరిగా రాదు. తొమ్మిదో తరగతి బోర్డు మీద √(9+16) వేసి, దేనికి దానికి విడిగా మూలం తీసి, మూడూ నాలుగూ ఏడు అని రాశాను. పిల్లలు ఎక్కించుకున్నారు.

ఆ క్లాసు టీచరువి నువ్వు. నోటుబుక్కుల్లో చూశావు. పదిమందిలో అనలేదు. సాయంత్రం ఖాళీ గదిలో చాక్‌పీసు నా చేతిలో పెట్టి, "ఏందప్పా, ఇరవై అయిదుకు మూలం ఏడంటాండావే. ఏడేడులు నలభై తొమ్మిది గదా" అన్నావు.

వారం రోజులు చెప్పావు. "ఆ గుర్తును చూసి బెదరద్దు. మూలమంటే సగం ఘాతం, అంతే. లోపల గుణకారమైతే ఇద్దరికీ పంచు. కూడికైతే పంచితే ఒప్పుకోదు, ముందు కలిపేయి." డెబ్బై రెండును ముప్పై ఆరు, రెండుగా విడగొట్టించి, సగం ఘాతం రెండింటికీ వేయించి, 6√2 రాయించావు. నాకు రావడానికి ఐదు రోజులు పట్టింది. "శానా మొండి తలప్పా నీది. మొండి తలకు ఎక్కితే మళ్లా దిగదులే" అన్నావు.

పిల్లల చేత దిద్దించే లోపలే ఒక నోటుబుక్కు బయటికి పోయింది. అవతలి పార్టీ మనిషి దాన్ని పట్టుకుని హెడ్మాస్టరు గదికి వచ్చాడు. ఆ రోజుల్లో మాట జారితే బాంబుల దాకా పోయేది. మా వాళ్లు వేయించిన అయ్యవారికి లెక్కలు రావంటే, పోయేది నా పరువు ఒక్కటే కాదు. హెడ్మాస్టరు నా వైపు చూశాడు. ఆరోజు నేను సెలవు, నా పాఠం ఎస్తేరు టీచరమ్మ తీసుకుంది అన్నాను.

గదిలో అందరికీ ఊపిరి వచ్చింది. నువ్వు ఏ పార్టీ మనిషివీ కాదు. చర్చి వీధి మనిషివి. నీ మీద వేస్తే ఎవరూ ఓడిపోరు. నిన్ను పిలిచి అడిగితే నా మొహం ఒకసారి చూసి, "దిద్దిస్తాను సార్" అన్నావు. చేశాననీ అనలేదు, చేయలేదనీ అనలేదు. ఎందుకక్కా? మా వాళ్లకు భయపడా? నాకేమన్నా అవుతుందనా? బతికుండగా అడగనే లేదు...

నెల తిరక్కుండా నిన్ను పులివెందుల అవతలికి మార్చారు. ప్రొద్దుటూరు ఇంటి నుంచి రెండు బస్సులు. ఏడు టీచరమ్మ అనే పేరు నీకంటే ముందే ఆ ఊరు చేరిందంట. రిటైరయ్యేదాకా మోశావు. నేను ఇక్కడే ఉండి, నువ్వు నేర్పిన పాఠమే చెప్పుకుంటూ, మంచి లెక్కల అయ్యవారిని అనిపించుకున్నాను.

మొన్న శనివారం మన బడిలో పాత విద్యార్థుల సభ జరిగింది. అప్పటి రెండు పార్టీల వాళ్లూ ఇప్పుడు ఒకే కండువా వేసుకుని ఒకే బల్ల వెనక కూర్చున్నారు. నీ ఫోటోకు దండ వేశారు. ఒకాయన మైకులో ఆ 'ఏడు టీచరమ్మ' పేరు చెప్పి అందరినీ నవ్వించాడు. ముందు వరసలో నీ కూతురు సువార్త తల వంచుకుంది.

నేను లేచి మైకు తీసుకున్నాను. ఆ ఏడు రాసింది నేనని, సెలవు మాట అబద్ధమని చెప్పాను. ఎవరికీ కోపం రాలేదు. చచ్చిపోయిన టీచరు కోసం అయ్యవారు తప్పు తన మీద వేసుకుంటున్నాడని చప్పట్లు కొట్టారు. కాదు, నిజంగానే నేనేనని రెండుసార్లు చెప్పాను. ఇంకా గట్టిగా కొట్టారు...

ఇదంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఒకటి బడికి, ఒకటి నీ ఇంటికి ఇస్తాను. అది మాత్రం చేస్తానక్కా.

సువార్త చప్పట్లు కొట్టలేదు. నన్ను చూసింది. లేచి, నీ ఫోటో తీసుకుని, దండ బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. పన్నెండూ పదికి ప్రొద్దుటూరు బస్సు ఎక్కి పోయింది.