అక్క దగ్గరున్న దిద్దు

అక్కా,

నీ దగ్గరున్న అమ్మ దిద్దును మెరుగుపెట్టిస్తాను, పంపమని పోయిన ఉత్తరంలో రాశాను కదా. పంపకు.

అమ్మ పోయాక చెరొకటి పంచుకున్నాం. పాత కంప్యూటర్ ముక్కల్లోంచి బంగారం తీయడం నేర్చుకుని, రెండింటికీ జోడు చేయిద్దామని నా ఆశ. బావ నవ్వితే నవ్వనీ.

బంగారం యాసిడ్‌కి కరగదని విన్నాను. అది ఏ యాసిడ్‌కి ఆ యాసిడ్ విడిగా ఉన్నప్పటి సంగతట. నేను రెండు రకాలు కలిపాను. మెరుస్తుందని నా దిద్దు కూడా కంప్యూటర్ పిన్నులతో పాటు ఆ గాజు గిన్నెలో వేశాను. తెల్లారి చూస్తే ఆకుపచ్చ మురికినీళ్ళు తప్ప ఏమీ లేదు. దిద్దు ఎక్కడో జారిపడిందనుకుని ఇల్లంతా వెతికాను. ఆ నీళ్ళు పెరట్లో పారబోసి, గిన్నె తోమి బోర్లించాను.

కంసాలాయనకు చెబితే తల పట్టుకున్నాడు. "బంగారమంతా ఆ నీళ్ళలోనే ఉందయ్యా! దానికో మందుంది, వేస్తే మళ్ళీ అడుక్కి దిగేది."

పెరట్లో మట్టి తవ్వి బకెట్‌లో పట్టుకెళ్ళాను. ఆయన చూసి, బకెట్ తిరిగి నా చేతికే ఇచ్చాడు.

నువ్వు ఎన్ని తిట్టినా పడతాను. నీ దిద్దు మాత్రం, నేను మళ్ళీ అడిగినా సరే, పంపకు. రెండో చెవి బోసిగా ఉన్నా పెట్టుకో. అమ్మను చూడాలనిపిస్తే నేనే వస్తాను.

తమ్ముడు