జాస్మిన్ కారులో మూగ బటన్

ఒంగోలులో కార్ల షెడ్డు నడిపే హయాత్ అబ్బాయికి,

ఎలీసమ్మ అనే నేను, వయసు డెబ్బై నాలుగు, చిలకలూరిపేట పక్క పల్లెలో కాపురం. ఇంట్లో నేను, నా కూతురి కూతురు జాస్మిన్, ఒక పాడిగేదె. మగదిక్కు లేదు, అక్కర్లేదు. నాకు చదువు రాదు కాబట్టి పక్కింటి జక్రయ్య మేష్టారు రాస్తున్నారు. ముందు క్షేమసమాచారాలు రాయబోతే నేనే ఆపించాను. నీ క్షేమం నాకెందుకు?

జాస్మిన్ కారు కొనుక్కుని, చుట్టుపక్కల ఊళ్ల రోగుల్ని గుంటూరు, ఒంగోలు ఆసుపత్రులకు తిప్పుతోంది. ఆ దారి నిండా రాళ్ల లారీలు. పిల్ల ఎక్కడుందో తెలిస్తేగాని నాకు ముద్ద దిగదు. అందుకే ఫోను చేస్తాను. స్టీరింగు మీద ఫోను బొమ్మ ఉన్న బటన్ బొటనవేలితో నొక్కితే చాలు, చక్రం వదలకుండా మాట్లాడొచ్చని అమ్మినవాడు చెప్పాడు. వారం నుంచి అది చచ్చింది. దాని పక్కన సౌండు పెంచేదీ తగ్గించేదీ కూడా చచ్చాయి. "ఫోను చేత్తో పట్టుకుంటే పోలీసులు ఆపుతారమ్మమ్మా" అంటోంది పిల్ల. రేపు కారు నీ దగ్గరికి వస్తుంది. బాగుచెయ్యి. చేతకాకపోతే షెడ్డుకు తాళం వేసి ఇంకేదైనా పని చూసుకో.

మంటతో,
ఎలీసమ్మ

తా.క.: ఈ ముక్క ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. చెప్పాను. నువ్వు మధ్యలో పెట్టేశావు.

ఇంకో తా.క.: ఆమె మరో నాలుగు మాటలు చెప్పారు. నేను రాయలేదు. – జక్రయ్య

* * *

ఎలీసమ్మ గారికి నమస్కారాలు.

మీ కారు చూశాం. స్టీరింగు విప్పితే బటన్ల సందుల్లో ఎర్రటి మిరప దుమ్ము గట్టిపడి ఉంది. దానివల్ల సౌండు పెంచే బటన్ లోపలికి నొక్కుకుపోయి పైకి రావడం లేదు. మీ కారులో ఆ వైపు బటన్లన్నిటికీ ఒకటే తీగ. ఒకటి నొక్కుకుని ఉండిపోతే, మిగతావాటిని ఎంత నొక్కినా కారు వినిపించుకోదు. శుభ్రం చేసి బిగించాం. అన్నీ పనిచేస్తున్నాయి. ఇకమీద కారులో మిరపకాయల బస్తాలు వేయకండి.

ఇట్లు, మీ
హయాత్

తా.క.: స్టీరింగు విప్పిన మా మెకానిక్ ఇంకా తుమ్ముతూనే ఉన్నాడు.

* * *

హయాత్‌కి,

ఈసారి అబ్బాయి అని రాయించడం లేదు.

నా కాయల్లో దుమ్ముందా? గుంటూరు యార్డులో కాకలు తీరిన వ్యాపారులు నా కాయ విరిచి, వాసన చూసి, కిక్కురుమనకుండా ధర చెప్పి పోతారు. మోచేతుల దాకా గ్రీజు పూసుకున్నవాడివి, నువ్వు నా పంటకు వంక పెడతావా? నా కళ్లం నీ షెడ్డు కంటే శుభ్రం. అందులో పడుకోవచ్చు. నీ షెడ్డులో నిలబడటానికే చెప్పులు కావాలి.

సరే, నా కాయలే చెడ్డవనుకుందాం. బటన్ బాగైందన్నావుగా? మరి నిన్న పొద్దుటి నుంచి చేస్తుంటే ఫోను మోగి మోగి ఆగిపోతుందేం? పిల్ల ఏ లారీ కింద పడిందోనని వాకిట్లోనే నిలబడ్డాను. నా అన్నం గేదె తిన్నది. సాయంత్రం జాస్మిన్ వచ్చి, "బటన్ మళ్లీ పోయిందమ్మమ్మా" అంది, పాపం తల వంచుకుని. నీ పనితనం వల్ల నా పిల్ల తల వంచుకోవాల్సి వచ్చింది!

కారు మళ్లీ పంపుతున్నాను. ఈసారి బాగవకపోతే నేనే వస్తాను.

ఇంకా మంటతో,
ఎలీసమ్మ

తా.క.: కారుతోపాటు కిలో ఎండుమిరపకాయలు పంపుతున్నాను. దుమ్ము ఎక్కడుందో చూపించు.

ఇంకో తా.క.: ఎలాగైనా ఆమెను రానివ్వకండి. – జక్రయ్య

* * *

ఎలీసమ్మ గారికి నమస్కారాలు.

మీ పంటను నేను ఒక్క మాట అనలేదు. అన్నట్టు అనిపిస్తే, ఆ మాట మా మెకానిక్‌ది.

స్టీరింగు మళ్లీ విప్పాం. చక్రం తిప్పినప్పుడల్లా లోపల చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉండే రిబ్బన్ లాంటి తీగ ఒకటుంటుంది. అది తెగితే బటన్లు పోతాయి, హారనూ పోతుంది. మీటరు పెట్టి చూశాం. చక్కగా ఉంది. జాస్మిన్ ఫోనును కారుతో కొత్తగా కలిపాం. నేనే ఫోను చేశాను. ఆ అమ్మాయి బటన్ నొక్కింది. నా గొంతు షెడ్డంతా వినిపించింది.

అమ్మా, మా దగ్గర పనిచేస్తోంది. మీకు పనిచేయడం లేదు. ఈ రెంటికీ మధ్య ఉన్నది తీగ కాదు. ఇంతకుమించి నేను రాయలేను.

ఇట్లు, మీ
హయాత్

తా.క.: కాయల్లో దుమ్ము లేదు. మా ఇంట్లో ఒక్క కూరలో వేశారు. మంచినీళ్ల క్యాను ఖాళీ అయింది.

* * *

హయాత్‌కి,

తీగ కాదన్నావు. నాకు మతిపోయిందంటున్నావని అనుకున్నాను. కొంగు బిగించి, పిల్ల వద్దంటున్నా ముందు సీట్లో కూర్చున్నాను, నీ సంగతి తేల్చడానికి. మార్టూరు దగ్గర రాళ్లకు పాలిష్ పట్టే మిల్లులు దాటుతుండగా ఫోను మోగింది. పిల్ల బొటనవేలు అలవాటుగా వెళ్లి బటన్ నొక్కేసింది. కారంతా మా పక్కవీధి చెంచురామయ్య గొంతు!

"రేపు మా ఆవిణ్ణి కళ్లాసుపత్రికి తీసుకెళ్లాలమ్మా. మీ అమ్మమ్మ ఫోను చెయ్యదంటేనే ఎక్కుతాం."

"బండి ఆపవే" అన్నాను. ఆపింది.

"నేను చేస్తే చచ్చిన బటన్, చెంచురామయ్య చేస్తే ఎట్టా లేచిందే?"

"మొదటి వారం నిజంగానే పోయిందమ్మమ్మా. ఆ వారం కారులో ఎంత ప్రశాంతంగా ఉందో! బాగైనా నీకు చెప్పబుద్ధి కాలేదు."

"నేనేం చేశానే?"

"ఫోను చేసి, 'ఆ చుట్టకంపు చెంచురామయ్య ఎక్కాడా? వెనక కూర్చోబెట్టు' అన్నావు. ఆయన నా పక్కనే ఉన్నాడు. నీ మాట నా ఒక్కదానికే కాదు, కారంతటికీ వినపడుద్ది. ఇప్పటికే ఇద్దరు వేరే కారు చూసుకున్నారు. ఇట్టాగైతే బండి అమ్ముకోవాల్సిందే."

"చుట్టకంపు అబద్ధమా?"

"నిజమే. అందుకేగా ఆయనకంత కోపం!"

నీ షెడ్డుకు రాకుండా అక్కణ్నుంచే వెనక్కి తిరిగాం. నువ్వు బతికిపోయావు.

ఇక నీ సంగతి. నీకు తెలుసు, చెప్పలేదు. నువ్వు రాసిన ప్రతి ముక్కా నిజమే. అదే నీ మోసం. దానికి నీకో పని పెడుతున్నాను. రేపు కారు వస్తుంది. ఆ ఫోను బటన్ ఉన్న వైపు తీగ పీకెయ్. నా పిల్ల రోజూ నా ఎదుట తల వంచుకుని అబద్ధం చెప్పడం నేను చూడలేను. అది చెప్పేది నిజం చెయ్యి. ఇకమీద నడుస్తున్న బండిలో ఎవరి గొంతూ వినపడకూడదు, నాదీ, చెంచురామయ్యదీ, నీదీ. బండి ఆపిన చోటల్లా పిల్లే దిగి ఫోను చేస్తుంది. మొదటి ఫోను నాకు. ఒప్పుకుంది. ఒప్పుకునేదాకా నేను కారు దిగలేదు.

తా.క.: ఈసారి ఆ బటన్ పనిచేసిందో, మళ్లీ ఉత్తరం రాయిస్తాను.

జక్రయ్య మేష్టారు చదివి వినిపించగా, ఒక్క తిట్టూ తగ్గలేదని తేల్చుకుని వేసిన
ఎలీసమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
చెంచురామయ్య (చుట్ట గుమ్మం బయట పెట్టి వచ్చాడు)
జాస్మిన్ (తల ఎత్తుకుని సంతకం పెట్టింది)