గోడ మీద మిగిలిన ఫొటో

కోరుట్ల, సోమవారం

పొద్దున మా వాడ పోరగాళ్లు వచ్చారు. తెలంగాణ వద్దన్న సినిమా హీరో దిష్టిబొమ్మ చేస్తున్నారట. “అన్నా, హైదరాబాద్ పార్కుల వచ్చెటోళ్ల ముందట నువ్వు గాయన వేషమేస్తవు గదా, ఫొటో ఉంటె ఇయ్యరాదే,” అన్నారు. మేకప్ చూసుకోవడానికి గోడకు అతికించుకున్న ఫొటోల్లో ఒకటి చింపి ఇచ్చాను.

సాయంత్రం బిడ్డను ఎత్తుకుని నేనూ బస్టాండుకు వెళ్లాను. అందరితో కలిసి నినాదాలిచ్చాను. ఆ ఫొటోను ముఖంగా అతికించిన బొమ్మకు నిప్పంటగానే బిడ్డ ఒకటే ఏడుపు. “ఆర్పుండ్రి, గాయన మా బాపు!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి చూస్తే హీరో ఫొటో గోడకే ఉంది. చింపి ఇచ్చింది, ఆ వేషంలో నేను దిగిన ఫొటో.

నాలుగేళ్ల పిల్ల పోల్చింది. నేను పోల్చలేదు.