అడుగు కట్టని వల

శనివారం, రాత్రి

మా సీలింగ్ పైన చేరిన గబ్బిలాలు ఈ సాయంత్రం వెళ్లిపోయాయి. వాటి పిల్లలకు ఎగరడం వచ్చేదాకా ఆగమని ఫారెస్టు వాళ్లు చెప్పడంతో రెండు నెలలు ఆ కంపు భరించాం. పక్కింటి దీదీ మాత్రం "పొగ పెట్టెయ్యండి, ఏక్ దిన్ మే ఖాళీ!" అని రోజూ పోరేది.

ఉపాయం నేనే చదివి నాన్నకు చెప్పాను. రేకుల కింద అవి తిరిగే సందుకు పైనా పక్కలా వల బిగించి, అడుగు వదిలేయాలి. కిందికి పాకి ఎగిరిపోతాయి, మళ్లీ లోపలికి దారి దొరకదు. నాన్న తన పాత చేపల వల తెచ్చి చకచకా కట్టేశాడు. టార్చి వేసి చూస్తే అడుగు కూడా బిగించి ఉంది!

"నాన్నా, కింద కూడా కట్టేసేవేటి? లోపలే చచ్చిపోతాయి!"

"సేతి అలవాటు గదమ్మా! ఇన్నేళ్లూ వలంటే ముయ్యడమే."

ముడి విప్పేలోపే మొదటి గబ్బిలం వచ్చి వలలో గిలగిల్లాడింది. ఎవరినీ ముట్టనివ్వని ఆ వలను నాన్న తన చాకుతోనే అడుగున కోసేశాడు. అది జారి, రెక్కలు విప్పి, చాతం దీవి వైపు వెళ్లింది. వెనకే మిగతావన్నీ వెళ్లాయి.

"కాలీ వల సూసి ఇంత సంబరపడ్డం ఇదే మొదలు" అన్నాడు నాన్న.

ఒక్క పిల్లయినా లోపల మిగిలిందేమో... ఇంతవరకూ చప్పుడైతే లేదు. వల ఇంకో వారం ఉంచుతాం.

ఇందాక నాన్న మళ్లీ నిచ్చెనెక్కి వల అడుగు తడిమి చూశాడు. ఎందుకని అడిగితే, "నా సేతుల్ని నేనే నమ్మలేనమ్మా" అన్నాడు.