అన్నకు చదివి వినిపించు

రాజుపాలెం హన్నమ్మ వదినకు,

ఈ వారం పేపర్లో చదివినవి మూడు కత్తిరించి పంపుతున్నాను. ఆడపిల్లల కబడ్డీ గురించి ఒకటి, కారప్పొడి వ్యాపారం పెట్టిన అక్కచెల్లెళ్ల గురించి ఒకటి, మాయమవుతున్న వీధి అరుగుల గురించి ఇంకొకటి. నలభై ఏళ్లుగా ఏం చదివినా ముందు అన్నకే చెప్పేవాణ్ణి.

పోయిన ఆదివారం మీ ఇంట్లో అన్న మంచం పక్కన కూర్చుని చదువుతుంటే, నా చేయి తోసేశాడు. "ఎవరయ్యా నువ్వు? ఏంది ఈ గోల?" అన్నాడు. "మీ తమ్ముడేగా" అని నువ్వు చెప్పినా, "నాకు తమ్ముడెవడూ లేడు" అన్నాడు. నరసరావుపేట దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను.

ఆ మతిమరుపు ఇక తగ్గదని డాక్టరు చెప్పాడంటున్నావు. అయినా వీటిని చదివి వినిపించు వదినా. నా పేరు మాత్రం చెప్పవద్దు. ఎవరో పంపారంటే చిరాకు పడకుండా వింటాడేమో.

నీ మరిది