సగంలో తెగిన సముద్రపు పాట గురించి

మర్సా జర్కా పట్టణ పాషా గారి సముఖమునకు, వలల వీధి కాపురస్తుడు సుఫ్యాన్ అజర్‌గీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గత వేసవి వీధి సంగీత పండుగలో తమ కార్యాలయం వారు సగంలో తెంపిన పాటను, తెంపిన చోటనే, చివరి దాకా వాయించుకొనుటకు అనుమతి కోరుట గురించి.

మనవి చేసుకొనునది ఏమనగా, ఈ అర్జీని నేను కోపంతో వ్రాయడం లేదు. కోపంతో వ్రాసినదాన్ని మా మేనత్త లల్లా చదివించుకొని విని, చింపి పొయ్యిలో పెట్టింది. ఇది రెండవది.

1. పుట్టుక గురించి. ఈ ఏటి గోడపత్రికల మీద "పాషా కార్యాలయం వారు స్థాపించిన ఉచిత వీధి సంగీతోత్సవం" అని బంగారు అక్షరాలతో వేయించారు. అయ్యా, దీన్ని ఎవరూ స్థాపించలేదు. గ్నావాల మఠం కప్పు కూలింది, అంతే. ఎడారి దాటించి తెచ్చి అమ్మిన బానిసల పాటలను వారి మనుమలైన గ్నావాలు ఆ నాలుగు గోడల మధ్యే పాడుకునేవారు. కప్పు కారుతోందని తమ ముందటి పాషాలందరికీ మొరపెట్టుకున్నారు. ఎవరూ పట్టించుకోనందున అది కూలింది. కూలినందున ఆ వేసవి పాట మా వీధిలోకి వచ్చి కూర్చుంది. ఆ విధంగా కార్యాలయం వారే స్థాపకులు అంటే నాకు అభ్యంతరం లేదు. అయితే కారణం కూడా బంగారు అక్షరాలతోనే వేయించవలెను.

2. ఆనందం గురించి. ఒకప్పుడు పండుగనాడు వలలు గోడలకు ఎత్తి కట్టేవాళ్ళం. గడపగడపకూ నిప్పులు, నిప్పుల మీద సార్డీను చేపలు. ఆకలైనవాడు ఏ గడప ముందైనా చెయ్యి చాచవచ్చు. కుర్చీలు ఎవరివో తెలియక పండుగ అయ్యాక కొట్లాటలు కూడా జరిగేవి. ఆ కొట్లాటలూ బాగుండేవి. ఇప్పుడు ముందు తెల్ల సోఫాలు, వాటిలో అతిథులు, వారి వెనక ఇనుప కంచె, కంచె వెనక మేము. ఉచితమే, కాదనను. కంచె వెనక నిలబడడం లోకంలో ఎక్కడైనా ఉచితమే.

3. అసలు నేరం. గ్నావాల్లో ఒక్కో ఆవేశానికి ఒక్కో రంగు, ఒక్కో పాట. సముద్రపు పాట ఎత్తుకుంటే పూనినవారికి నీలం గుడ్డ కప్పి, నెత్తిన నీళ్ళగిన్నె పెడతారు. ఏ పాటతో మనిషి లోపలికి పోతాడో ఆ పాటే చివరి దాకా సాగి అతణ్ణి బయటికి తేవాలి. మధ్యలో ఇల్లంటుకున్నా పాట ఆపరు. గత వేసవి మాలెం, అనగా బృందం పెద్ద, అంబారక్ మూడు తీగల గింబ్రీ మీటుతుండగా, ఇనుప చిడతలు జోరందుకున్న వేళ, మా అత్తకు పూనకం వచ్చింది. అప్పుడే తమ కార్యక్రమ నిర్వాహకుడు వేదికెక్కి మైకు తీసేశాడు.

"టైమైంది పెద్దాయనా, దిగు. తర్వాతి బృందం ఎక్కాలి."

"నాయనా, ఆవిడ ఇంకా నీళ్ళల్లోనే ఉంది. ఒడ్డుకు చేర్చి ఆపేస్తాను."

"ఒడ్డు మా కార్యక్రమంలో లేదు."

సోఫాలో ఒక అతిథి చప్పట్లు కొట్టి, "ముసలమ్మ భలే నటిస్తోందే!" అన్నాడు. నేను కంచె దూకాను. నన్ను పట్టుకున్నారు. ఆ సంగతి తమ దస్త్రాల్లో ఉంటుంది, వేరే చెప్పనక్కరలేదు.

నేను కరపత్రాలు చదివి కళ్ళు తెరిచినవాణ్ణి. ఆవేశాలు, జిన్నులు నేను నమ్మను. కానీ మా అత్త కాలిని నమ్మక తప్పడం లేదు. ఆనాటి నుంచి ఆవిడ ఎడమ కాలు నిలవదు. రొట్టె పిసుకుతున్నా, నమాజుకు నిలబడినా, తనంతట తానే తాళం వేస్తుంది. నిద్ర లేదు. చిక్కి సగమైంది. డాక్టరు బలానికి మాత్రలిచ్చాడు. ఇప్పుడు కాలు మరింత బలంగా ఆడుతోంది. "ఒక కాలు నీళ్ళల్లోనే ఉండిపోయిందిరా సుఫ్యానూ. చలేస్తోంది," అంటుంది, నడివేసవిలో. ఈ మాటకు ఏ కరపత్రంలోనూ నాకు జవాబు దొరకలేదు.

4. ఇట్లుండగా, ఈ ఏడు పండుగను రేవు వేదికకు మార్చి, వలల వీధిలో ఏ వాద్యమూ మోగరాదని తమరు ఉత్తరువు వేశారు. తెగిన చోటే కలపాలని మాలెం అంటాడు. ఆ చోటు మా వీధిలో ఉంది.

కావున తమరు దయతో, దయ లేని పక్షంలో న్యాయంతో, మా వీధిలో ఒక్క సాయంత్రం, ఒక్క పాట, గడియారం లేకుండా వాయించుకోనివ్వవలెను. తీరిక చూసుకొని గాక, మా అత్త బతికుండగా చిత్తగించవలెను.

ఈ ఒక్క కాగితం మేరకు తమ విధేయుడు,
సుఫ్యాన్ అజర్‌గీ

తా.క. అర్జీ మడుస్తుండగా మాలెం అంబారక్ అత్తను చూడ్డానికి వచ్చాడు. గింబ్రీ వెంట ఉంది. వీధిలోనే కదా వద్దన్నది, వాకిట్లో కాదు కదా అని నేనే అన్నాను. తీగ మోగింది, అత్త లేచింది. ఇంతలో తమ జవాను జిలాలీ ఉత్తరువు కాగితం ఎత్తి పట్టుకొని లోపలికొచ్చాడు.

"ఆపండి! పాషా గారి హుకుం, ఆపండి!"

చట్టాన్ని గౌరవించి మాలెం టక్కున ఆపాడు. అప్పటికే జిలాలీ బూట్లు తాళంలో పడ్డాయని మేమెవ్వరం గమనించలేదు.

ప్రస్తుతం అతను మా వాకిట్లో నీలం గుడ్డ కప్పుకొని కూర్చున్నాడు. రెండు కాళ్ళూ ఆడుతున్నాయి. "పోదాం పద," అంటే, "ఎట్లా పోను తమ్ముడూ, నీళ్ళు నడుం దాకా ఉన్నాయి," అంటున్నాడు. ఏడాదిలో మొదటిసారి మా అత్త నవ్వింది. "బిడ్డా, టోపీ ఇలా ఇయ్యి, తడుస్తుంది," అని తీసి దాచింది.

అర్జీదారులు ఇప్పుడు ఇద్దరు. రెండవవాడు తమవాడే. మాలెం గింబ్రీ ఒళ్ళో పెట్టుకొని, తమ జవాబు కోసం కూర్చున్నాడు.